పెద్ద జీలకర్ర ఊరికి ఒక రోజు: ఏథెన్స్ నుంచి మారథాన్ టూర్ మీద నా రివ్యూ

ఏథెన్స్ వెళ్ళే మనవాళ్ళు ఎక్కువమంది అక్రోపోలిస్ చూసి, ఏదో ఒక దీవికి పడవెక్కి, ఫోటోలు దిగి వచ్చేస్తారు. మారథాన్ అనే మాట తెలియనివాళ్ళు లేరు గానీ మారథాన్ అనే ఊరు చూసినవాళ్ళు మాత్రం మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఒక్కరూ లేరు. మొన్న నవంబరులో నేను, మా వారు, మా అమ్మాయి అక్కడ ఒక రోజంతా గడిపి వచ్చాం. కారు, డ్రైవరు, గైడు అన్నీ కలిపి మా ముగ్గురికీ ఒక చిన్న టూర్ కంపెనీలో బుక్ చేశాం. మనిషికి 80 యూరోలు పడింది. ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం ఐదింటికి అయిపోయింది. మన రూపాయల్లో చూస్తే తక్కువ డబ్బేం కాదు. కాబట్టి ఏది బాగుంది, ఏది బాగాలేదు అన్నది దాచుకోకుండా రాస్తున్నాను. వెళ్ళేవాళ్ళకు పనికొస్తుంది.

ముందు మేం ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. నాలుగేళ్ళుగా పరుగు అలవాటు చేసుకుంది. ఏటా నవంబరు రెండో ఆదివారం ఏథెన్స్‌లో జరిగే మారథాన్‌కు ఈసారి పేరు ఇచ్చి, "అమ్మా, మీరిద్దరూ రండి, నేను స్టేడియంలోకి పరుగెత్తుకుంటూ వచ్చేటప్పుడు మీరు అక్కడ ఉండాలి" అంది. పరుగు ఆదివారం. మేం శుక్రవారం ఈ టూరు పెట్టుకున్నాం. పరుగుకు ముందు తను కాళ్ళకు విశ్రాంతి ఇవ్వాలి, ఆ దారిని ఒకసారి కారులో చూసినట్టూ ఉంటుంది అనుకున్నాం.

నాకు ఏలూరులో దినుసుల కొట్టు ఉంది. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, సోంపు, ఇంట్లో ఆడించిన మసాలా పొడులు అమ్ముతాను. 26 ఏళ్ళ నుంచి ఇదే పని. ఆ సంగతి ఇక్కడ ఎందుకంటే, ఈ టూరులో నాకు అన్నిటికన్నా ముందు కనిపించింది నా సరుకే.

నెయా మాక్రి అనే ఊరు దాటాక గైడమ్మాయి ఒకచోట కారు ఆపమంది. రోడ్డు పక్కన కంచె వెంట నా భుజం ఎత్తు కాడలు నిలబడి ఉన్నాయి. ఎండిపోయి వరిగడ్డి రంగుకు తిరిగాయి. పైన గొడుగు పుల్లల్లా విచ్చుకున్న కంకులు. మొదళ్ళ దగ్గర మాత్రం కొత్త వానలకు లేత చిగురు వేసింది, పిల్లల జుట్టంత సన్నగా, మెత్తగా. ఆమె ఒక కంకి విరిచి నా చేతిలో పెట్టి, "మారథో" అంది. అరచేతిలో వేసి నలిపాను. ముక్కు దగ్గరకు తెచ్చేలోపే తెలిసిపోయింది. సోంపు!

గుజరాత్‌లో ఊంఝా మార్కెట్ నుంచి మా కొట్టుకు వచ్చే సోంపు పొడుగ్గా, లేతాకుపచ్చగా ఉంటుంది. భోజనం తరవాత నమిలేందుకు అడిగేవాళ్ళకు సన్న గింజ లక్నో సోంపు ఇస్తాను. ఇక్కడి గింజ మా మసాలా సోంపులో సగం కూడా లేదు. బూడిద రంగు, పొట్టిగా ఉంది. అయినా గింజ మీద ఆ ఐదు నిలువు గీతలు అవే. పంటి కింద వేస్తే ముందు కాస్త చేదు తగిలింది, ఆ తరవాత తీపి, చివర నాలుక మీద చల్లదనం. అడవిలో దానంతటది పెరిగిన మొక్క కాబట్టి ఘాటు ఎక్కువ. మా వారికి కూడా నాలుగు గింజలు ఇచ్చాను. "మన కొట్టు వాసనే" అన్నారు.

అప్పుడు గైడు చెప్పింది. పాత గ్రీకులో మారథాన్ అంటే సోంపు మొక్కలు దండిగా ఉన్న చోటు. ఇప్పటికీ గ్రీకు ఇళ్ళలో సోంపును 'మారథో' అనే అంటారు. మారథాన్ అనే పేరు గల ఒక వీరుడి వల్ల ఊరికి ఆ పేరొచ్చిందని పురాణ కథ కూడా ఉందట. రెండూ చెప్పి, మొక్కనుంచి వచ్చిందనేదే పండితులు ఎక్కువగా ఒప్పుకునే మాట అంది. సామోస్ అనే దీవిలో మారథోకాంపోస్ అని ఇంకో ఊరుందట. దానికీ సోంపు పొలం అనే అర్థమే.

నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే మన వైపు పాతకాలం వాళ్ళు సోంపును పెద్ద జీలకర్ర అంటారు. మా అత్తగారు ఏనాడూ సోంపు అనలేదు, "ఆ పెద్ద జీలకర్ర అందుకో" అనేవారు. మా జిల్లాలోనే, కామవరపుకోట దగ్గర, జీలకర్రగూడెం అని ఊరుంది. గుంటుపల్లి బౌద్ధ గుహలున్న కొండ ఆ ఊళ్ళోదే. అంటే ప్రపంచమంతా పరుగు పందెం అనుకునే ఈ మారథాన్, మా తెలుగులో చెప్పుకుంటే పెద్ద జీలకర్రగూడెం అన్నమాట. చింతలపూడి, మామిడికుదురు, తాటిపాక అని మనం రోజూ అనే ఊళ్ళ పేర్లలాంటిదే. ఈ మాట గైడుకు చెబితే ఆమె ఫోన్ తీసి ఆ ఊరి పేరు నాచేత రెండుసార్లు పలికించుకుని రాసుకుంది.

ఈ ఒక్క ఆపడం కోసమే నేను ఈ టూరుకు మంచి మార్కులు ఇస్తాను. ఇది వాళ్ళ కాగితంలో లేదు. ఆమె సొంతంగా చేసింది.

ఆ నెయా మాక్రి పేరు గురించి కూడా ఒక మాట. దాని అర్థం కొత్త మాక్రి. అసలు మాక్రి సముద్రం అవతల, ఇప్పటి టర్కీలో ఉంది. దాన్నిప్పుడు ఫెతియే అంటున్నారు. 1922 తరవాత అక్కడి గ్రీకులు ఇల్లూవాకిలీ వదిలి కాందిశీకులుగా ఇటు వచ్చి, ఊరి పేరు మాత్రం వెంట తెచ్చుకున్నారు. వస్తువులు పోయినా పేరు పోనివ్వలేదు. పోలవరం ముంపు ఊళ్ళ నుంచి మా వైపు వచ్చిన కుటుంబాలు నాకు తెలుసు. కాలనీకి పాత ఊరి పేరే కావాలని వాళ్ళు ఎంత పట్టు పడతారో తెలుసు. కారు ఆ ఊరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

తరవాత సమాధి. ఇంగ్లీషు బోర్డుల మీద తుములస్ అని ఉంటుంది. చదును నేల మధ్యలో ఒక మట్టి దిబ్బ. ఎత్తు 9 మీటర్లు, అడుగున అడ్డంగా 50 మీటర్లు. చుట్టూ ఆలివ్ చెట్లు. క్రీ.పూ. 490లో పర్షియా సైన్యం ఓడల్లో వచ్చి ఈ తీరాన దిగింది. ఏథెన్స్ వాళ్ళు, వాళ్ళకు తోడుగా ప్లాటియా అనే చిన్న ఊరి వాళ్ళు కలిసి ఎదురు నిలిచారు. మిల్టియాడిస్ సేనాని. హెరోడోటస్ అనే పాత గ్రీకు చరిత్రకారుడు రాసిన లెక్క ప్రకారం పర్షియా వైపు 6,400 మంది, ఏథెన్స్ వైపు 192 మంది చనిపోయారు. ఆ 192 మందిని ఇక్కడే దహనం చేసి పైన మట్టి పోశారు. మామూలుగా యుద్ధంలో పోయినవాళ్ళను ఏథెన్స్ ఊరికి తెచ్చి పూడ్చేవాళ్ళట. వీళ్ళను మాత్రం గౌరవంగా పోరాడిన చోటే ఉంచారు. 1890, 1891లో తవ్వితే బూడిద పొర, ఎముకలు, నల్లబొమ్మల సన్నటి నూనె కూజాలు దొరికాయి.

మేం వెళ్ళేసరికి అక్కడ మాతోపాటు ఇద్దరే ఉన్నారు. గాలి బాగా వీస్తోంది. దిబ్బ మీద గడ్డి ఒక పక్కకు వాలి ఉంది. 192 అంటే మా వీధి మొత్తం జనం కంటే ఎక్కువ కాదు. ఒక వీధి మగవాళ్ళంతా ఒక పూటలో పోయి ఒకే దిబ్బ కింద ఉన్నారని అనుకున్నాక నాకు మాట రాలేదు. చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాను. మా వారు కూడా పెట్టుకున్నారు. గైడు ఏమీ అనకుండా పక్కన నిలబడింది. ఆ మర్యాద నాకు నచ్చింది.

అక్కడ ఆమె చెప్పిన రెండు సంగతులు ఇప్పటికీ మనసులో ఉన్నాయి. ఒకటి, ఎస్కిలస్ అనే గొప్ప నాటకకర్త ఈ యుద్ధంలో సైనికుడిగా పోరాడాడు. ఆయన తమ్ముడో అన్నో, సినెజీరస్, ఇక్కడే చనిపోయాడు. ఎస్కిలస్ సమాధి మీద రాసిందని చెప్పే పద్యంలో ఆయన రాసిన నాటకాల ఊసే లేదు. మారథాన్‌లో పోరాడాడని మాత్రమే ఉంది. ఏథెన్స్ వాళ్ళకు ఆ రోజుల్లో ఈ ఊరి పేరు అంటే ఏమిటో ఆ ఒక్కటి చాలు అర్థం కావడానికి. రెండోది, పాసానియస్ అనే యాత్రికుడు ఆరు వందల ఏళ్ళ తరవాత ఇక్కడికి వచ్చి, రాత్రిపూట గుర్రాల సకిలింపులు, మనుషులు పోరాడే చప్పుడు ఇక్కడ వినపడతాయని జనం చెప్పుకునే మాట రాసి పెట్టాడు. మా పల్నాడులో కూడా కార్యమపూడి వైపు వీరుల గురించి ఇలాంటి మాటలే చెప్పుకుంటారు.

ఇక పరుగు సంగతి. దీని గురించి నాకున్న అవగాహన అంతా తలకిందులైంది. పరుగెత్తుకుంటూ ఏథెన్స్ వచ్చి "గెలిచాం" అని చెప్పి ప్రాణం వదిలిన మనిషి కథ మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. హెరోడోటస్ రాసిన దాంట్లో ఆ కథ లేనే లేదట. ఆయన రాసింది, యుద్ధానికి ముందు ఫిడిప్పిడిస్ అనే వార్తాహరుడు సాయం అడగడానికి ఏథెన్స్ నుంచి స్పార్టాకు పరుగెత్తాడని. అది దాదాపు 240 కిలోమీటర్లు. స్పార్టా వాళ్ళు వస్తామన్నారు గానీ పున్నమి వెళ్ళాలి, అందాకా కదలకూడదు అన్నారు. తీరా 2,000 మంది వచ్చేసరికి యుద్ధం అయిపోయింది. చనిపోయిన పర్షియన్లను చూసి, ఏథెన్స్ వాళ్ళను మెచ్చుకుని వెళ్ళిపోయారు. మారథాన్ నుంచి ఏథెన్స్‌కు పరుగెత్తి చనిపోయిన మనిషి కథ ఎన్నో వందల ఏళ్ళ తరవాత ప్లూటార్క్, లూసియన్ అనే రచయితల రాతల్లో కనిపిస్తుంది. ప్లూటార్క్ అయితే వేరే పేర్లు చెప్పాడు.

1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ పెట్టినప్పుడు మిషెల్ బ్రెయాల్ అనే ఫ్రెంచి పండితుడు ఆ కథ గుర్తుచేసి, మారథాన్ నుంచి ఏథెన్స్‌కు పరుగు పెడదాం, గెలిచినవాడికి వెండి కప్పు నేనిస్తాను అన్నాడు. ఆయన భాషాశాస్త్రవేత్త, మాటల అర్థాలు ఎలా మారతాయో పరిశోధించిన మనిషి. ఒక ఊరి పేరును పందెం పేరుగా మార్చింది కూడా ఆయనే కావడం నాకు చాలా నచ్చింది. ఆ పరుగు గెలిచింది స్పిరిడాన్ లూయిస్, నీళ్ళు మోసి అమ్ముకునే గ్రీకు కుర్రాడు. సుమారు 40 కిలోమీటర్లు 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లలో. ఇప్పటికీ గ్రీకులో ఎవరైనా కాళ్ళకు బుద్ధి చెప్పి మాయమైతే "లూయిస్ అయిపోయాడు" అంటారట. మనం ఇప్పుడు చెప్పుకునే 42.195 కిలోమీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో పుట్టింది. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించేలా కొలిచారు. 1921లో ఆ దూరమే ఖాయమైంది.

మనం గద్వాల కట్టుకుంది, ఉప్పాడ కట్టుకుంది అంటాం. ఊరు చీర అయిపోయింది. అలాగే ఈ ఊరు పరుగు అయిపోయింది. ఇంకా సాగదీసి పేపర్లలో మారథాన్ చర్చలు, మారథాన్ మీటింగ్ అంటున్నాం. ఇప్పుడు దాని తోక మాత్రం తెంపి వాకథాన్, హ్యాకథాన్ అని అంటించుకుంటున్నారు. మా అబ్బాయి కాలేజీలో హ్యాకథాన్ పెట్టినప్పుడు ఆ చివరి ముక్క సోంపు మొక్కదని వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

గైడు చెప్పిన వాటిలో మా అమ్మాయిని బాగా కదిలించింది లాంబ్రాకిస్ కథ. గ్రిగోరిస్ లాంబ్రాకిస్ డాక్టరు, పార్లమెంటు సభ్యుడు, ఒకప్పుడు మంచి అథ్లెట్. 1963 ఏప్రిల్‌లో మారథాన్ నుంచి ఏథెన్స్ దాకా శాంతి యాత్ర తలపెట్టారు. ప్రభుత్వం నిషేధించింది. వచ్చినవాళ్ళను వచ్చినట్టు అరెస్టు చేశారు. ఎంపీని అంత తేలిగ్గా పట్టుకోలేరు కాబట్టి ఆయన ఒక్కడే సమాధి దగ్గర నుంచి బ్యానర్ పట్టుకుని నడిచాడు. తరవాతి నెలలోనే థెస్సలోనికిలో ఆయన మీద దాడి చేశారు, ఆ దెబ్బలతో చనిపోయారు. ఈ ఏథెన్స్ మారథాన్‌ను ఆయన స్మృతికే అంకితం చేశారు. యుద్ధం పేరుగా ప్రసిద్ధికెక్కిన ఊరు ఆయన వల్ల శాంతి పేరు కూడా అయింది. ఆ రోజు రాత్రి మా అమ్మాయి తన నంబరు బిళ్ళ వెనక పెన్నుతో ఆయన పేరు రాసుకుంది.

ఇక నాకు అసంతృప్తి మిగిల్చినవి. మ్యూజియానికి ఈ కంపెనీ 25 నిమిషాలే ఇచ్చింది. అది చాలదు. చిన్న మ్యూజియమే గానీ, ఈ యుద్ధం గెలిచినందుకు నిలిపిన విజయస్తంభం తలభాగం అసలుది అక్కడే ఉంది. ఈజిప్టు పద్ధతిలో చెక్కిన విగ్రహాలు కూడా ఉన్నాయి. గ్రీసులో ఈజిప్టు దేవతలేమిటని ఆశ్చర్యపోయాను. హెరోడిస్ ఆటికస్ అనే మహా ధనవంతుడు క్రీ.శ. రెండో శతాబ్దంలో సముద్రం పక్కన ఈజిప్టు దేవతల గుడి కట్టించాడట. ఆయన పుట్టింది మారథాన్‌లోనే. ఆ విగ్రహాల ముందు నేను ఇంకా నిలబడే ఉన్నాను, డ్రైవరు టైమ్ అయిందని గేటు దగ్గరికి వచ్చేశాడు. గైడు మొహమాటపడింది. తప్పు ఆమెది కాదు, టైమ్‌టేబుల్ వేసినవాళ్ళది. బుక్ చేసేటప్పుడే మ్యూజియానికి గంట కావాలని రాసి పంపండి.

ఇంకో సంగతి. బుకింగ్ పేజీలో స్థానిక భోజనం అని ఉంటే టూరు డబ్బులోనే అనుకున్నాం. కాదు, విడిగా కట్టాలి. మాకు 52 యూరోలు అయింది. ముందే స్పష్టంగా చెప్పి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. పొద్దున్న ఎక్కించుకునే చోటు కూడా చివరి నిమిషంలో మార్చారు. చలిలో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. మా వారికి మోకాళ్ళ నొప్పులు, నాకు టెన్షన్.

భోజనం రుచి గురించి మాత్రం ఫిర్యాదు లేదు. స్కినియాస్ బీచ్ వైపు ఒక చిన్న టవెర్నా. మేం ముగ్గురం చేప తినం అని చెబితే గైడు వంటింట్లోకి వెళ్ళి మాట్లాడి వచ్చింది. సోంపు ఆకుతో చేసిన పకోడీలు తెచ్చారు. మారథోకెఫ్తేదెస్ అంటారట. మైదా, ఉల్లికాడలు, సన్నగా తరిగిన సోంపు ఆకు కలిపి ఆలివ్ నూనెలో వేయించారు. మన మెంతికూర పకోడీలా పైన కరకర, లోపల మెత్తగా ఉంది. శనగపిండి వేస్తే ఇంకా గట్టిగా నిలిచేది, వామంత ఘాటు లేదు గానీ నోట్లో తీపి వాసన చాలాసేపు ఉంది. రెండు ప్లేట్లు తిన్నాం. ఇంటికొచ్చాక మార్కెట్లో సోంపు ఆకు దొరక్క, కొట్టు వెనక కుండీలో విత్తనం వేశాను. పది రోజులకు మొలకలొచ్చాయి.

చివరగా మారథాన్ డ్యామ్. చాలా టూర్లలో ఇది ఉండదు, ఇందులో ఉంది. వదులుకోకండి. 54 మీటర్ల ఎత్తు, 285 మీటర్ల పొడవు. ఇందులో విశేషం, గోడ మొత్తానికి తాపడం చేసింది పెంటెలికాన్ కొండ పాలరాయి. పార్థెనాన్ గుడి కట్టింది కూడా ఆ రాయితోనే. టర్కీ వైపు నుంచి కాందిశీకులు లక్షల్లో వచ్చి ఏథెన్స్ నిండిపోతే తాగడానికి నీళ్ళు చాలక, 1926లో మొదలుపెట్టి 1929కి పూర్తి చేశారు. అంతకుముందు రోమన్ల కాలం నాటి కాలువ మీద కూడా ఆధారపడేవాళ్ళంటే నీటి కరువు ఎంతగా ఉందో చూడండి. నాగార్జున సాగర్ చూసిన కళ్ళకు ఇది చిన్నదిగానే ఉంటుంది. కానీ మధ్యాహ్నం ఎండ పడి గోడంతా తేనె రంగులో మెరుస్తుంటే మా వారు, నలభై ఏళ్ళు ఇరిగేషన్‌లో పనిచేసిన మనిషి, రెయిలింగ్ పట్టుకుని కదలలేదు. "నీళ్ళు ఆపే గోడకు గుడి రాయి వేశారు" అని రెండుసార్లు అన్నారు. అడుగున డెల్ఫీలోని ఏథెన్స్ ఖజానా మందిరానికి నమూనా కట్టారు. అసలు మందిరం మారథాన్ యుద్ధంలో దొరికిన సొమ్ముతో కట్టారని పాసానియస్ రాశాడు. ఏథెన్స్‌లో పాత తరం వాళ్ళకు మారథాన్ అంటే ముందు గుర్తొచ్చేది కుళాయి నీళ్ళేనని గైడు చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ అలాగే అనేదట.

గైడుకు ఐదుకు ఐదు. టైమ్‌టేబుల్‌కు రెండు. మొత్తం మీద నాలుగు ఇస్తాను. సొంతంగా వెళ్ళాలంటే ఏథెన్స్‌లో పెడియోన్ అరేయోస్ పార్కు దగ్గర నుంచి కేటెల్ బస్సులున్నాయి, చవక. కాకపోతే సమాధి, మ్యూజియం, డ్యామ్ ఒకదానికొకటి దూరం. పెద్దవాళ్ళుంటే కారే మేలు. నవంబరులో స్వెటర్ తప్పనిసరి, సమాధి దగ్గర గాలికి తలకు ఏదైనా కట్టుకోవాలి.

పరుగుకు వెళ్ళే పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. పదో కిలోమీటరు నుంచి 31 దాకా దాదాపు అంతా ఎక్కుడే. మా అమ్మాయి శుక్రవారం కారులో ఆ దారి చూడబట్టే మొదట్లో తొందరపడలేదు. ఐదో కిలోమీటరు దగ్గర పరుగెత్తేవాళ్ళంతా ఆ సమాధి చుట్టూ తిరిగి వెళ్తారు. శుక్రవారం దండం పెట్టి వచ్చిన చోటు కదా, అక్కడ తన అడుగులు వాటంతటవే నెమ్మదించాయని చెప్పింది. ఊళ్ళ దగ్గర పిల్లలు ఆలివ్ రెమ్మలు చేతికిస్తారు, ముసలివాళ్ళు కుర్చీలు వేసుకుని "బ్రావో, బ్రావో" అంటారు.

మేం పొద్దున్నే వెళ్ళి పనాథినాయిక్ స్టేడియంలో పాలరాతి మెట్ల మీద కూర్చున్నాం. ఈ స్టేడియాన్ని మొదట పాలరాయితో కట్టించింది ఎవరో కాదు, ఆ హెరోడిస్ ఆటికసే. అంటే పరుగు ఆయన పుట్టిన ఊళ్ళో మొదలై ఆయన కట్టించిన చోట ముగుస్తుంది. పందెం దారి వేసినవాళ్ళు అది ఆలోచించారో లేదో గానీ, మ్యూజియంలో ఆ 25 నిమిషాలు చూశాం కాబట్టి నాకు అది తెలిసింది.

మా అమ్మాయి 4 గంటల 52 నిమిషాలకు వచ్చింది. చేతిలో నలిగిపోయిన ఆలివ్ రెమ్మ. పెదవులు ఉప్పు కట్టి తెల్లబడ్డాయి. నీళ్ళు తాగింది, కానీ అరటిపండు వద్దంది, కడుపు తిప్పుతోందంది. శనివారం సూపర్ మార్కెట్లో కొన్న సోంపు పొట్లం నా సంచిలో ఉంది. గ్రీకు అక్షరాలు నాకు రావు, మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం ఊరి బోర్డు మీద చూసినవే. విప్పి అరచేతిలో పోశాను. చిన్నప్పుడు కడుపునొప్పి అంటే సోంపు నీళ్ళు కాచి ఇచ్చేదాన్ని. నమిలి, కళ్ళు మూసుకుని నా భుజం మీద తల పెట్టుకుంది.

కాసేపయ్యాక అడిగింది. "అమ్మా, జీలకర్రగూడేనికి ఆ పేరు ఎందుకొచ్చింది?"

నాకు తెలియదు. ఏలూరులో ఇన్నేళ్ళున్నా ఆ కొండ ఒక్కసారే ఎక్కాను, అదీ స్కూలు పిల్లలతో. ఊళ్ళో ఎవరినీ అడగలేదు. సంక్రాంతికి తను వస్తోంది. భోగి మర్నాడు కారు మాట్లాడుకున్నాం.